దాచుకోవడమా? పంచుకోవడమా?

దరఖాస్తు ఫారాల్లో ఒక గడి ఉంటుంది: "హాబీలు" అని. మనలో సగం మందిమి ఆ గడిలో "స్టాంపుల సేకరణ" అనో "నాణేల సేకరణ" అనో రాసేస్తాం. రాసినవాడి దగ్గర నాలుగు స్టాంపులైనా ఉన్నాయా అని ఎవరూ అడగరు. అలాగే మన సభల్లో "సమానత్వం" అనే మాట పదిసార్లు వినబడుతుంది. ఆ మాట అన్నవాడు టీ తాగాక గ్లాసు ఎక్కడ వదిలేశాడో, దాన్ని ఎవరు కడిగారో అదీ ఎవరూ అడగరు.

ఈ రెంటికీ సంబంధం ఏమిటయ్యా అంటారా? ఏడాది క్రితం వరకు నేనూ లేదనే అనుకున్నాను. సేకరణ ఒంటరివాడి సరదా, కలిసి బతకడం పదిమంది సంగతి అని నా లెక్క. ఆ లెక్క తప్పని నాకు రెండు వస్తువులు నేర్పాయి. ఒకటి మాడిన అన్నం గిన్నె. రెండోది మొలకెత్తని వడ్లగింజ. ఆ రెండు పాఠాలూ మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

గిన్నె చెప్పిన పాఠం

పల్లెటూళ్ళ నుంచి రాజమండ్రి వచ్చి చదువుకునే వాళ్ళు చాలామంది చేసే పనే మేమూ చేశాం. నలుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. నేను ఇంటి నుంచి బియ్యం తెచ్చేవాణ్ణి. కోనసీమ మిత్రుడు కొబ్బరికాయలు, నూనె తెచ్చేవాడు. మూడోవాడి నాన్నగారు గ్యాసు ఖర్చు చూసుకునేవారు. నాలుగోవాడి తండ్రి కౌలు రైతు, తల్లి ఊడ్పులకీ కోతలకీ వెళుతుంది. వాడు ఏమీ తేలేకపోయేవాడు. "ఏం పరవాలేదురా, మనలో మనకేంటి?" అన్నాం. ఆ మాట అన్నందుకు మా గుండెలు ఎంత విశాలమైనవో అని లోలోపల మురిసిపోయాం కూడా.

మొదటి నెల అందరం కలిసే వండాం, కలిసే కడిగాం. రెండో నెల్లో ఒకడికి రికార్డు పని, ఒకడికి క్రికెట్టు, నాకు సినిమా. మూడో నెల వచ్చేసరికి వంటా గిన్నెలూ రెండూ నాలుగోవాడివే అయ్యాయి. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఒక రాత్రి రెండో ఆట చూసి వచ్చేసరికి వాడు కుళాయి దగ్గర కూర్చుని మా కంచాలు తోముతున్నాడు.

"రోజూ నువ్వే ఎందుకురా తోముతావు?" అన్నాను.

వాడు తలెత్తకుండానే, "బియ్యం మీవి కదరా. నా వాటా కూడా ఏదో ఒకటి ఉండాలిగా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఊళ్ళో పాలేరుకీ ఆసామికీ మధ్య ఉండే ఒప్పందమే మా గదిలో కాగితం లేకుండా, మాట లేకుండా రాసుకుపోయింది. నలుగురం ఒకే చాప మీద కూర్చుని ఒకే కూర తింటున్నాం కాబట్టి సమానమే అనుకున్నాం. సమానత్వం తినేటప్పుడు తెలియదు మిత్రులారా, తిన్న తర్వాత కంచం ఎవరు తీస్తారన్న దగ్గర తెలుస్తుంది.

మర్నాడు ఒక నోటు పుస్తకం కొని మేకుకి వేలాడదీశాం. రెండే నియమాలు. డబ్బూ సరుకూ ఎవరికి ఎంత వీలైతే అంత. పని మాత్రం అందరికీ సమానం, వంతుల ప్రకారం. బియ్యం తెచ్చానని గిన్నెల వంతు తప్పించుకోవడం కుదరదు. ఇద్దరి మధ్య ఎంత స్నేహం ఉన్నా ఒకరి వంతు ఒకరు డబ్బిచ్చి కొనుక్కోవడం కుదరదు. నా మొదటి వంతు రోజున అన్నం మాడింది. ఆ మాడు గీకడానికి నాకు గంట పట్టింది. ఇరవయ్యేళ్ళుగా మా ఇంట్లో నా కంచం నేను తీసి ఎరగను. ఆ పని అమ్మ చేసింది, లేకపోతే అక్క చేసింది. ఒకసారి అమ్మ గదికి వచ్చి నేను గిన్నెలు తోమడం చూసి, "నీకెందుకురా ఈ ఖర్మ" అంది. "ఇన్నాళ్ళూ నీకెందుకమ్మా ఈ ఖర్మ?" అని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు.

మనకంటే ముందు నడిచినవాళ్ళు

కలిసి బతకాలన్న ఆలోచన మనకేమీ కొత్తది కాదు. రాజమండ్రికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉన్న సీతానగరంలో 1924లో డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం గారు గౌతమీ సత్యాగ్రహాశ్రమం స్థాపించారు. మద్దూరి అన్నపూర్ణయ్య గారి "కాంగ్రెస్" పత్రిక అక్కణ్ణుంచే వెలువడింది. 1929లో గాంధీగారు ఆ ఆశ్రమానికి వచ్చారు. చదువుకున్న యువకులు సొంత సంపాదన మానుకుని ఒకే కప్పు కింద ఉంటూ దేశం పని చేసిన చోటు అది.

కాకినాడ పి.ఆర్. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు గారి కథ సైన్సు విద్యార్థులమైన మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. గోరా అంటే అందరికీ తెలుస్తుంది. నాస్తిక భావాల వల్ల 1933లో ఆయన ఆ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అంటరానితనాన్ని ఉపన్యాసంతో కాక విస్తరితో ఎదుర్కొన్నారాయన. అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. పక్కన కూర్చుని తినడానికే అంత ధైర్యం కావలసి వచ్చిన రోజులవి.

1940లలో విజయవాడలో కమ్యూనిస్టు కార్యకర్తల కుటుంబాలు "కమ్యూన్" పేరుతో ఉమ్మడి వంటతో కలిసి జీవించాయి. ఆ తరం పెద్దల త్యాగాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. కాని ఒక ప్రశ్న మాత్రం అడగవలసిందే. ఉమ్మడి వంట సరే, వండింది ఎవరు? తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" అన్న పేరుతో పుస్తకంగా తెచ్చింది. పోరాటంలో భుజం కలిపిన స్త్రీలను, అది ముగియగానే మళ్ళీ ఇళ్ళకూ వంటిళ్ళకూ పొమ్మన్నారన్న బాధ అందులో కనబడుతుంది. అంత పెద్ద ఉద్యమానికే వంటింటి గడప దాటడం కష్టమైతే, నలుగురు కుర్రాళ్ళ గది ఎంత?

సేకరించినవాళ్ళు కట్టిన ఊరు

ఇక సేకరణ సంగతి. దాన్ని పనిలేనివాడి పని అని వెక్కిరించేవాళ్ళు రాజమండ్రిలో ఒక పూట తిరిగితే చాలు. గౌతమీ గ్రంథాలయం ఉంది కదా. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం అని వేర్వేరుగా నడిచిన రెండు పుస్తక భాండాగారాలు ఒకటైతే అది తయారైంది. వసురాయ గ్రంథాలయం 1898 నాటిది. నాళం కృష్ణారావు గారి వంటి వాళ్ళు ఒక్కొక్క పుస్తకమే పోగుచేశారు. "మా గ్రంథాలయం మాదే, మీది మీదే" అని రెండు పక్షాలూ భీష్మించుకుని ఉంటే, ఇవాళ ఆ బల్లల దగ్గర కూర్చుని పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళకు చోటెక్కడిది? తాటాకు ప్రతులు చూడవచ్చే పరిశోధకులకు దారేది?

అలాగే గోదావరి గట్టు దగ్గరి రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. దాని వెనుక ఉన్నవారిలో రాళ్ళబండి సుబ్బారావు గారు ముఖ్యులు. నాణేలూ శాసనాలూ విగ్రహాలూ వారి ఇంటి బీరువాల్లోనే ఉండిపోయి ఉంటే, తర్వాతి తరాలు పంచుకునేటప్పుడు ఎటు పోయేవో! ఊరి సొత్తు అయ్యాయి కనుక ఇవాళ నాలాంటి రైతు బిడ్డ కూడా లోపలికి వెళ్ళి చూడగలుగుతున్నాడు.

చెప్పొచ్చేదేమిటంటే, సేకరించడం సగం పనే. తలుపు తెరవడం మిగతా సగం. ఈ సంగతి పుస్తకాల వల్ల నాకు తెలియలేదు. నా సొంత తప్పు వల్ల తెలిసింది.

నా సీసాలు

మా తాతయ్యకు విత్తనాల పిచ్చి. ఎక్కడ కొత్త రకం వరి కనబడినా నాలుగు వెన్నులు దూసి పంచె కొంగున కట్టుకొచ్చేవాడు. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, గరిక సన్నాలు అంటూ ఆయన పేర్లు చెబుతుంటే నాకు బంధువుల పేర్లు చెబుతున్నట్టే ఉండేది. ఆయన పోయాక ఆ పొట్లాలు నాకు వచ్చాయి. ఖాళీ మందు సీసాల్లో పోసి వరసగా పేర్చాను. మొత్తం ఇరవై మూడు. గదికి తెచ్చి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. చుట్టాలకూ మిత్రులకూ చూపించి, వాళ్ళు "అబ్బో" అంటే సంతోషించేవాణ్ణి. ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

నోటు పుస్తకం మేకుకి ఎక్కిన తర్వాతి వేసవిలో మా నాలుగోవాడు అడిగాడు. వాళ్ళు కౌలుకు చేసేది పల్లపు చేను. సార్వాలో వాన గట్టిగా పడితే మురుగు దిగదు, ఊడ్చిన నారు మునుగుతుంది. నా సీసాల్లో ఒకదాన్ని చూపించి, ఇది ముంపులో నిలబడే రకం అని తాతయ్య అనేవాడని నేనే ఒకప్పుడు వాడితో గొప్పగా చెప్పాను. "ఒరేయ్, ఒక్క గుప్పెడు ఇస్తావా? మా అమ్మ ఆకుమడిలో ఓ మూల జల్లి చూస్తానంది" అన్నాడు.

ఇవ్వలేదు. "గుప్పెడు తీస్తే సీసా సగమైపోతుందిరా, కలెక్షన్ పాడైపోతుంది" అన్నాను. గిన్నెల దగ్గర సమానత్వం నేర్చుకున్నానని గర్వపడే పెద్దమనిషిని, పెట్టె దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆసామినయ్యాను. వాడు మళ్ళీ అడగలేదు. ఆ సార్వాలో వాళ్ళ చేను మునిగింది.

ఈ ఏడు ప్రాక్టికల్స్‌లో మొలక శాతం కట్టడం నేర్చుకున్నాం. ఉత్సాహం కొద్దీ నా సీసాలన్నిటి నుంచీ ఇరవయ్యేసి గింజలు తీసి తడిగుడ్డ మీద పరిచాను. తొమ్మిది సీసాల గింజలు అంతో ఇంతో మొలిచాయి. పధ్నాలుగు సీసాలు మొలవలేదు. వాడు గుప్పెడు అడిగిన సీసా కూడా ఆ పధ్నాలుగింటిలోనే ఉంది. పదో రోజు వరకు చూశాను. తెల్లగా బూజు పట్టింది తప్ప మొలక రాలేదు.

కారణం మనకు తెలిసిందే. గింజ రాయి కాదు, ఊపిరి తీసే జీవి. మన డెల్టా ఉక్కకూ తేమకూ మామూలు సీసాలో వరి గింజ ఎన్నో ఏళ్ళు బతకదు. అది బతకాలంటే ఎప్పటికప్పుడు చేలోకి వెళ్ళి రావాలి. అంటే నేను భద్రం చేస్తున్నాననుకుంటూ చంపుతున్నాను. గుప్పెడు ఇచ్చి ఉంటే ఆ రకం వాళ్ళ చేలో బతికి ఉండేదేమో, నాకు తిరిగి రెండు గుప్పెళ్ళు వచ్చేవేమో. నిజంగా ముంపులో నిలబడేదా? చెప్పలేను. ఇక ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి తెలుసుకునే అవకాశాన్నే నేను లేకుండా చేశాను. పోనీ దాని పేరైనా తెలుసా అంటే, తాతయ్య చీటీ రాయలేదు. నేను అడగలేదు.

గుప్పెడు గింజల విలువ

ఇదంతా నలుగురు కుర్రాళ్ళ గొడవ అనుకోకండి. రష్యన్ శాస్త్రవేత్త వావిలోవ్ దేశదేశాలు తిరిగి లెనిన్‌గ్రాడ్‌లో విత్తనాల భాండాగారం నిర్మించారు. అధికారంలో ఉన్నవాళ్ళ ఆగ్రహానికి గురై 1943లో జైల్లో కన్నుమూశారు. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సేనలు ఆ నగరాన్ని ముట్టడించినప్పుడు జనం ఆకలితో మాడిపోయారు. ఆ భాండాగారంలో పనిచేసే శాస్త్రవేత్తలు కూడా అనేకమంది చనిపోయారు గాని గింజ ముట్టలేదు. వరి విత్తనాల బాధ్యత చూసిన ద్మిత్రీ ఇవనోవ్ వేల పొట్లాల వరి మధ్య ఆకలితో ప్రాణం విడిచాడు. నేనూ తాళం వేశాను, వాళ్ళూ తాళం వేశారు. తేడా ఎక్కడుంది? వాళ్ళు ఇంకా పుట్టని జనం కోసం కాపాడారు. నేను "అబ్బో" అనే మాట కోసం దాచుకున్నాను.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన అన్నం గిన్నెలోనే ఉంది. మన పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, అదే మన స్వర్ణ, తూర్పు భారతమంతా పాకింది. దిగుబడి బాగుంది గాని పూర్తిగా మునిగితే తట్టుకోలేదు. ఆ లోపం దేనితో తీరింది? ఒరిస్సా రైతులు తరాలుగా వేసుకున్న ఒక పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే వరితో. దిగుబడి తక్కువని రైతులు వదిలేసినా, ఆ విత్తనం భాండాగారాల్లో బతికే ఉంది. ముంపును ఓర్చుకునే జన్యువును అందులో గుర్తించినట్టు 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. అలా తయారైన "స్వర్ణ సబ్-1" 2009లో మన దేశంలో విడుదలైంది. సుమారు రెండు వారాల ముంపును అది తట్టుకుంటుంది. ఆ సంస్థ దగ్గర ఇవాళ లక్షా ముప్ఫై వేలకు పైగా వరి నమూనాలు ఉన్నాయి. ప్రతి దాని వెనకా ఎక్కడో ఒక రైతు "ఇదిగో బాబూ, పట్టుకెళ్ళు" అని ఇచ్చిన గుప్పెడు ఉంది.

ఒరిస్సాలో ఆ గుప్పెడు ఇచ్చిన రైతు పేరు మనకెవరికీ తెలియదు. నాలాగే ఆలోచించి ఉంటే మాత్రం స్వర్ణకు ఆ బలం వచ్చేది కాదు.

"ఉమ్మడి గొర్రె" మాటేమిటి?

పెద్దలు ఒక సామెత చెబుతారు: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. అందరిదీ అంటే ఎవరిదీ కాదని భావం. ఆ మాటలో నిజం ఉంది. మా గదిలో మొదటి మూడు నెలలూ జరిగింది అదే. "మనలో మనకేంటి" అనుకున్నచోట బలవంతుడు తప్పుకుంటాడు, మొహమాటస్తుడు మోస్తాడు. కాని గొర్రె చచ్చింది ఉమ్మడి అయినందుకు కాదు, మేపే వంతు ఎవరిదో ఎక్కడా రాసుకోనందుకు.

ఇక్కడే సేకరించేవాడి గుణాలు కలిసి బతికేవాడికి అక్కరకొస్తాయి. ప్రతి వస్తువుకీ చీటీ, ప్రతి చీటీకీ పద్దు, పోయినదేదో ఉన్నదేదో నిక్కచ్చిగా చెప్పగలిగే ఓపిక. ఉమ్మడి జీవితం నిలవాలంటే ఈ ఓపిక కావాలి. అలాగే సేకరణ బతకాలంటే ఉమ్మడి జీవితంలో ఉండే తెరిచిన తలుపు కావాలి. లెక్క లేని ఉమ్మడి పుచ్చిపోతుంది. తలుపు లేని సేకరణ మొలకెత్తదు. నాకు తెలిసొచ్చిన సత్యం ఇంతే.

ఒక విన్నపం

మన విద్యార్థి సంఘం ఏటా బోలెడు తీర్మానాలు చేస్తుంది. ఈ ఏడు ఒక చిన్న పని చేద్దాం. వృక్షశాస్త్ర విభాగంలో ఒక బీరువా అడుగుదాం. మనలో సగానికి పైగా రైతు బిడ్డలమే. ఏ గరిసె మూలనో, ఏ చూరు కిందనో మిగిలిన పాత రకాలు తలా ఒక గుప్పెడు తెద్దాం. చీటీ మీద రకం పేరు, ఊరి పేరు, ఏ చేలో ఏ పంటకాలంలో పండిందో రాద్దాం. ఇన్నాళ్ళూ ఆ విత్తనం కాపాడిన మనిషి పేరు, తరచు అది ఒక ఆడమనిషి పేరే అవుతుంది, అది కూడా తప్పకుండా రాద్దాం. అడిగిన రైతుకు గుప్పెడు ఇద్దాం, పంట వచ్చాక రెండు గుప్పెళ్ళు తీసుకుందాం. తాళంచెవి ఏడాదికొకరి దగ్గర ఉండాలి. బీరువా తుడిచే వంతు మాత్రం అధ్యక్షుడితో మొదలై అందరికీ రావాలి.

అధ్యాపకులు మాకు విత్తనం బతికించే పద్ధతి చెప్పాలని కోరుతున్నాను. పూర్వ విద్యార్థులైన పెద్దలు మీ ఊళ్ళ నుంచి ఒక్కో పొట్లం పంపితే చాలు, చందా అడగం.

నా వంతుగా మొలిచిన తొమ్మిది రకాలూ ఇస్తున్నాను. మొలవని పధ్నాలుగు సీసాలు కూడా ఆ బీరువా పై అరలో పెట్టమని అడుగుతాను, నాలాంటివాళ్ళు చూసి బుద్ధి తెచ్చుకోవడానికి. తొమ్మిదింటిలో మొదటి గుప్పెడు ఇప్పటికే వెళ్ళిపోయింది. మా నాలుగోవాడి తల్లి ఆకుమడిలో ఓ మూల జల్లిందట. మొలిచిందని మొన్న కబురొచ్చింది.

— బి.ఎస్సీ. (బి.జెడ్.సి.) విద్యార్థి